పదిన్నరకు ముందా, తర్వాతా?

2024 ఆషాఢ మాసం, రాజాం. పెళ్లిళ్లు లేని ఆ నెల మా ఫోటో స్టూడియోకి ఈగలు తోలుకునే కాలం. మా ఆయన లెన్సులన్నీ బయటికి తీసి ఎండ చూపిస్తుంటారు. నేను వేసవి పెళ్లిళ్ల ఆల్బమ్‌లు ఒక్కొక్కటే పూర్తి చేస్తుంటాను. మా ఇద్దరి మధ్య పని పంపకం మొదటి నుంచీ అంతే. ఆయన ఫోటోలు తీస్తారు, నేను కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని ఏరి, సరిచేసి, ఆల్బమ్ కడతాను. ఆయన పందిట్లో ఉండి చూడనివి కూడా నేను కుర్చీలో కూర్చుని చూస్తాను. నేను గడప తొక్కని పెళ్లిళ్లలో సైతం ఎవరు ఎవరి మీద అలిగారో, ఏ మేనత్త మొహం మాడ్చుకుని తిరిగిందో నాకు తెలుసు.

అసలు సంగతిలోకి వెళ్లే ముందు మా పనిలోని ఒక విషయం చెప్పాలి. డిజిటల్ కెమెరా బటన్ నొక్కగానే బొమ్మ ఒక్కటే దాచుకోదు. ఆ బొమ్మ వెనకాల కొన్ని వివరాలు కూడా రాసి పెట్టుకుంటుంది. ఏ కెమెరా, ఏ లెన్సు, షట్టర్ ఎంతసేపు తెరుచుకుంది, ఫ్లాష్ వెలిగిందా లేదా, ఏ తేదీ, ఏ టైము, ఇలాంటివి. ఫోనుతో తీసినదైతే, లొకేషన్ ఆన్ చేసి ఉంటే, తీసిన చోటు కూడా అందులో ఉంటుంది. దీన్ని మెటాడేటా అంటారు. ఫోటో చూసేవాళ్లకి ఇదేమీ కనపడదు. కంప్యూటర్‌లో ఫోటో మీద మౌస్ కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్‌లోకి వెళితే వరసగా కనపడుతుంది. నాకు దాంతో రోజూ పని. వేల ఫోటోలు వచ్చినప్పుడు టైము ప్రకారం పేర్చమని కంప్యూటర్‌కి చెబితే అదే పేర్చి పెడుతుంది. రెండు కెమెరాల గడియారాలు కలవకపోతే మాత్రం తలంబ్రాలు అయ్యాక జీలకర్ర బెల్లం వస్తుంది. అప్పుడు నేను మా ఆయన్ని పిలిచి నాలుగు మాటలు అంటాను.

ఆ ఆషాఢంలో ఒక పగలు, షాపులోకి ఇద్దరు మనుషులు వచ్చారు. ముందు నడిచినాయన యాభై దాటినవాడు, తెల్ల చొక్కా, గట్టి గొంతు. వెనక వచ్చిన కుర్రాణ్ణి చూడగానే పోల్చుకున్నాను. కిందటేడు వైశాఖంలో మేమే తీసిన పెళ్లి, అందులో పెళ్లికొడుకు. పేర్లు మార్చి రాస్తున్నాను. కుర్రాడు రమణ అనుకోండి, పెద్దాయన అతని మేనమామ సింహాచలం.

"అమ్మా, మావోడి పెల్లి ఫోటోలు నీకాడ ఉన్నాయేటి?" అన్నాడు సింహాచలం.

"ఉన్నాయండి. ఇంకో ఆల్బమ్ కావాలా?"

"ఆల్బం కాదు. జీలకర్ర బెల్లం ఫోటో ఎన్ని గంటలకి తీసేరో కావాల. ఫోటో లోపల రాసుంటాదంట కదా, మా ఊరి ఇంజనీరింగు కుర్రోలు సెప్పేరు."

ఎందుకని అడిగాను. రమణ తల దించుకున్నాడు. సింహాచలమే చెప్పాడు. ముహూర్తం పగలు పదీ ఇరవైకి పెట్టారట. పదిన్నర దాటితే వర్జ్యం, ఆ లోపల జీలకర్ర బెల్లం పడిపోవాలని పురోహితుడు ముందే గట్టిగా చెప్పాడట. పెళ్లికూతురు గౌరి పందిట్లోకి ఆలస్యంగా వచ్చిందట. ఈ ఏడాది మాఘంలో ఆ అమ్మాయికి అయిదో నెలలో కడుపు పోయింది. రమణ తల్లి పైడమ్మ అప్పటి నుంచీ ముహూర్తం తప్పిందనే పాట మొదలుపెట్టింది. గౌరిని ఆమదాలవలస దగ్గర ఉన్న పుట్టింటికి పంపేశారు.

"ఆషాడానికి పంపేమని ఊల్లో సెప్పుకుంటన్నాం," అన్నాడు రమణ, ఆ రోజు అతను నోరు విప్పి అన్న ఒకే ఒక్క మాట అది.

ఆషాఢానికి కోడలు పుట్టింటికి వెళ్లడం పెళ్లైన మొదటి ఏడాది మాట. వాళ్లకిది రెండో ఆషాఢం. ఊళ్లో ఏ ఒక్కరూ ఆ మాట నమ్మి ఉండరు.

"ఈ ఆదివారం పెద్దమనుసులు కూకుంటారు," అన్నాడు సింహాచలం. "టైము దాటిందని రుజువైతే ఆ పెల్లి పెల్లి కాదు. ఎవులి దారి ఆల్లది."

ఒక ఫోటో టైముతో ఒక పిల్ల కాపురం తేల్చేస్తారట. నాకు ఒళ్లు మండింది. కానీ ఫోటోలు వాళ్లవి, అడిగేది వాళ్లు. హార్డ్ డిస్క్ తగిలించి ఆ ఫోల్డర్ తెరిచాను. తెరవకముందే చెప్పాను, "ఇందులో కనపడేది కెమెరా గడియారం ప్రకారం టైము. ఫోనులాగా కెమెరా తనంతట తను టైము తెచ్చుకోదు. మనం ఏది పెడితే అదే. కాబట్టి దీన్ని పట్టుకుని ఏదీ తేల్చడానికి లేదు."

"నువ్వు తియ్యమ్మా," అన్నాడు ఆయన.

తీశాను. తెర దించాక ఒకరి తల మీద ఒకరు చేతులు పెట్టుకున్న ఫోటో. టైము పదీ నలభై రెండు. పైగా పెళ్లికొడుకు వెనక గోడ మీద కల్యాణ మండపం వాళ్ల గడియారం కూడా ఫ్రేములో పడింది. దాని ముళ్లు దాదాపు పదీ నలభై దగ్గర ఉన్నాయి. సింహాచలం తన ఫోను తీసి నా కంప్యూటర్ తెరని ఫోటో తీసుకున్నాడు. నేను చెప్పిన మాటల్లో ఒక్కటీ ఆయన చెవిలోకి పోలేదు. ఆయనకి కావలసిన అంకె దొరికింది, అంతే. వెళుతూ వెళుతూ రమణ ఆ ఫోటో వైపు ఒకసారి తిరిగి చూశాడు.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి రాగానే అడిగాను, ఆ పెళ్లికి కెమెరా గడియారం ఎలా పెట్టారని. "ఎలా పెడతాను? నా వాచీ చూసి పెట్టాను," అన్నారు.

అదీ సంగతి. మా ఆయన వాచీ ఎప్పుడూ ముందుకే తిరుగుతుంది. పెళ్లికి ఆలస్యంగా వెళ్లిన ఫోటోగ్రాఫర్‌ని మళ్లీ ఎవరూ పిలవరని ఆయనకొక భయం. అందుకని వాచీని ముందుకి జరిపి పెట్టుకుంటారు. ఎంత ముందుకంటే దానికో లెక్క లేదు. దూరం ఊరైతే ఎక్కువ, దగ్గరైతే తక్కువ. ఆ రోజు ఎంత జరిపారో ఆయనకి గుర్తు లేదు. ఆ తర్వాత కెమెరా సర్వీసుకి వెళ్లొచ్చింది, గడియారం మళ్లీ కొత్తగా పెట్టారు. ఇప్పుడు చూసినా లాభం లేదు. "నా వాచీకి పెళ్లి తప్పిపోతుందని నాకేం తెలుసే," అన్నారు పాపం, అన్నం కలుపుతూ. ఆయన మొహం చూసి తిట్టడానికి కూడా మనసు రాలేదు.

మరి గోడ గడియారం సంగతేమిటి? కల్యాణ మండపం మాకు దగ్గరే. సాయంత్రం వెళ్లాను. హాలు ఖాళీగా ఉంది, వాచ్‌మన్ కుర్చీలు కడుగుతున్నాడు. గోడ గడియారం చూసి నా ఫోను చూసుకున్నాను. అది కూడా ముందుకే ఉంది.

"అదా అమ్మా? మేవే ముందుకి తోస్తాం," అన్నాడు వాచ్‌మన్ నవ్వుతూ. "పెల్లోల్లు హాలు బేగి కాళీ సెయ్యరు కదా. టైము అయిపోనాదని సూపించడానికి."

"ఎంత ముందుకి తోస్తారు?"

"మా ఓనరుగారి ఇష్టం. పైకెక్కి ఏలితో ఇలగ తోసేస్తారు."

ఇంటికి నడుస్తూ నాలో నేనే నవ్వుకున్నాను, కోపం కూడా వచ్చింది. మా ఆయన తొందర మా ఆయనది, హాలు యజమాని తొందర ఆయనది. ఇద్దరూ ఎవరికీ చెడు చేద్దామనుకోలేదు. ఆ రెండు తొందరలూ కలిసి ఇప్పుడు ఒక ఆడపిల్ల మీద సాక్ష్యం చెబుతున్నాయి. రెండు గడియారాలూ తప్పేనని నేను వాదించగలను. ఎంత తప్పో చెప్పలేను కాబట్టి ఆ వాదన ఎవరూ వినరు.

మర్నాడు గౌరి వచ్చింది. ఒక్కతే, బస్సులో. ఆల్బమ్‌లో చూసిన మనిషికీ ఎదురుగా నిలబడిన మనిషికీ పోలిక పట్టడానికి నాకు కాసేపు పట్టింది. బుగ్గలు లోపలికి పోయాయి. రమణ ఫోను చేసి చెప్పాడట, స్టూడియోలో టైము దాటినట్టు చూపించిందని.

"నిజివేనా అక్కా?" అంది.

కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను. మా ఆయన వాచీ సంగతి, గోడ గడియారం సంగతి చెప్పాను. విన్నది గానీ, మొహంలో ఏ మార్పూ రాలేదు.

"నాకు టైము తెల్దక్కా. మొకం ముందు అడ్డుతెర. అవతల ఏటవుతందో నాకేటి తెలుస్తాది? కానీ బ్యూటీషియను జడ కాడ ఆలిస్యం సేసింది, అది నిజివే. పూలజడ నిలబడక మల్లీ ఇప్పి ఏసింది. నాకు ఆ జడే కావాలని నానే పట్టుబట్టేను." "ఆ బిడ్డ నా జడ వల్ల పోనాదేమో అక్కా."

అప్పటిదాకా ఇదంతా పైడమ్మ మూర్ఖత్వం, సింహాచలం పెత్తనం అనుకున్నాను. ఆ మాట ఈ పిల్ల లోపలికి కూడా వెళ్లి కూర్చుందని అనుకోలేదు.

"డాక్టర్ ఏమన్నారు?"

"ఎవులి తప్పూ కాదని సెప్పింది డాక్టరమ్మ. ఆ మాట ఆస్పత్రిలో ఉన్నంతసేపే నమ్మేను. ఇంటికొచ్చేక మా అత్త మాటే వినబడతాది."

ముహూర్తానికీ కడుపులో బిడ్డకీ ఏ సంబంధమూ లేదని నేను ఎంతసేపైనా చెప్పగలను. డాక్టరమ్మ మాటే నిలవలేదు, స్టూడియో ఆవిడ మాట నిలుస్తుందా? ఆమెకి అప్పుడు కావలసింది నా అభిప్రాయం కాదు. కాబట్టి నాకు తెలిసిన పని నేను చేద్దామనుకున్నాను.

"ఆ రోజు ఎవరైనా ఫోనుతో ఫోటోలు తీశారా? ఫోను టైము నెట్‌వర్క్ నుంచి వస్తుంది, దానికి ఎవరి వాచీతోనూ పని లేదు," అన్నాను.

ఉన్నాయంటూ తన ఫోను తీసి వాట్సాప్‌లో చుట్టాలు పంపినవి చాలా చూపించింది. ఒక్కటీ పనికి రాలేదు. మామూలుగా వాట్సాప్‌లో పంపిన ఫోటో వెనక వివరాలు ఊడిపోతాయి. బొమ్మ మాత్రమే అవతలికి చేరుతుంది. అందులో కనపడే తేదీ అది ఈ ఫోనుకి చేరిన తేదీ, తీసిన తేదీ కాదు. పెళ్లి వీడియో వేరేవాళ్లది. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చింది ఎడిట్ చేసిన ఫైలు కాబట్టి దాంట్లో ఉండేది ఎడిట్ చేసిన రోజే. తీసిన ఫోనులోనే, తీసినట్టుగా ఉండిపోయిన ఫోటో కావాలి. గౌరి స్నేహితురాలు ఫోను మార్చేసింది. తమ్ముడి ఫోను నీళ్లలో పడింది. ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ వచ్చి ఆగిపోయింది.

"మా అత్త తీసింది," అంది.

"పైడమ్మగారా?"

"తెర దించేక నాకు ముందు కనబడింది మా ఆయన కాదక్కా, మా అత్త. ఆయన ఎనకాల, రెండు సేతుల్తో ఫోను ఎత్తి పట్టుకుని నిలబడింది. నాకు నవ్వొచ్చేసింది."

అది చెబుతూ నిజంగానే చిన్న నవ్వు వచ్చింది ఆమె మొహంలో. వెంటనే పోయింది.

పైడమ్మ వాళ్ల ఊరు రాజాంకి దగ్గరే. గౌరిని బస్సెక్కించి, నేనూ మా ఆయనా స్కూటర్ మీద వెళ్లాం. ఇంట్లో రమణ ఉన్నాడు, సింహాచలం కూడా ఉన్నాడు. పైడమ్మ వాకిట్లో మినుములు చెరుగుతోంది. నేను వచ్చిన పని చెప్పగానే చేట కింద పెట్టింది.

"నీ కెమేరా సెప్పింది సాలదేటమ్మా? మల్లీ నా ఫోనెందుకు?"

"మా కెమెరా తన సొంతంగా ఏం చెప్పలేదమ్మా. మా ఆయన వాచీ చెప్పిన మాటే చెప్పింది. ఆయన వాచీ ఎప్పుడూ ముందుకే ఉంటుంది. కావాలంటే ఇప్పుడు చూడండి."

మా ఆయన బుద్ధిగా చెయ్యి చాపారు. రమణ తన ఫోను పక్కన పెట్టి చూశాడు. అతని మొహంలో మొదటిసారి ప్రాణం వచ్చింది. "అవునమ్మా, శానా ముందుకుంది," అన్నాడు.

సింహాచలం ఊరుకోలేదు. "ఇయన్నీ మాటలు. ఫోనులో టైము మాత్రం మార్చలేరేటి? ఎవులైనా మార్చొచ్చు."

ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. ఫోను గడియారాన్ని కూడా చేత్తో మార్చుకోవచ్చు. నేను ఒప్పుకునే లోపే పైడమ్మ తమ్ముడి మీద లేచింది.

"ఒరే, నాకు ఫోను ఎత్తి మాటాడ్డవే సరిగ్గా రాదు. టైము మారుస్తానేట్రా నాను?"

మా ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఆమె లోపలికి వెళ్లి ఫోను తెచ్చింది గానీ, నా చేతికి ఇవ్వలేదు. పట్టుకుని నిలబడింది.

"మా అక్కకి కాలు నొప్పి, పెల్లికి రానేదు. దానికి పంపడానికని తీసేను. మా కోడలు గుంటకి కడుపు పోయినకాడి నుంచీ ఈ ఫోటోలు సూడనేదు. సూడబుద్ది కానేదు."

ఆ మాటతో నాకు ఆమె మీద ఉన్న కోపం సగం చల్లారింది. మనవడో మనవరాలో వస్తుందని ఆమె కూడా ఎదురు చూసింది కదా. ఆ దుఃఖాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోడలి నెత్తిన పెట్టింది.

"మీరే తీయండమ్మా. మీ చేత్తోనే," అన్నాను.

రమణ పక్కన నిలబడి గ్యాలరీ తెరవడం చూపించాడు. వెనక్కి, వెనక్కి తోసుకుంటూ వెళ్లింది. పెళ్లి ఫోటోలు దొరికాక మొదటి నుంచీ చూసుకుంటూ వచ్చింది. గౌరి బుట్టలోంచి దిగుతున్నది, గౌరి పాదాల పారాణి, గౌరి నడుస్తున్నది. రమణవి చాలా తక్కువ. చివరికి ఆ ఫోటో. ఒరిగిపోయి ఉంది. కుడి మూల పైడమ్మ వేలు లెన్సుకి అడ్డం పడి ఎర్రగా మసకగా వచ్చింది. తెర అప్పుడే దిగినట్టుంది. గౌరి తల మీద జీలకర్ర బెల్లం పెట్టిన చెయ్యి, ఫోటో మధ్యలో నవ్వుతున్న గౌరి మొహం. పెళ్లికొడుకుది ఆ చెయ్యి తప్ప ఇంకేమీ లేదు.

"నా పెల్లిలో నానే కనబడనేదమ్మా," అన్నాడు రమణ.

ఎవరూ నవ్వలేదు. ఫోటోని పైకి తోయమని చెప్పాను. కొన్ని ఫోన్లలో అలా పైకి తోస్తే వెనక ఉన్న వివరాలు వస్తాయి. వచ్చాయి. ఫోను పేరు, తేదీ, కింద చిన్న మ్యాపు మీద కల్యాణ మండపం ఉన్న వీధి. టైము పదీ ఇరవై ఆరు.

రమణ పైకి చదివాడు. మళ్లీ చదివాడు. పైడమ్మకి అంకెలు వచ్చు, తనే కళ్లు దగ్గర పెట్టుకుని చూసుకుంది. వేలితో మళ్లీ ఫోటో పైకి తెచ్చి గౌరి మొహం చూస్తూ అరుగు మీద కూర్చుండిపోయింది. కాసేపటికి ఏడ్చింది. ఆమె ఏడుస్తుంటే సింహాచలం చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు. ఆయన కూడా పాపం అక్క కోసం తిరిగినవాడే. ఆ క్షణంలో ఆయన్ని కూడా నేనేమీ అనుకోలేదు.

ఆదివారం పెద్దమనుషులు కూర్చోలేదు. కథ ఇక్కడితో అయిపోయి ఉంటే నేను దీన్ని రాసేదాన్ని కాదు. మెటాడేటా గొప్పతనం గురించి కస్టమర్లకి చెప్పుకుని మురిసిపోయేదాన్ని.

శ్రావణం దగ్గర పడుతుండగా ఒక రోజు గౌరి మళ్లీ మా షాపుకి వచ్చింది. ఈసారి వెనక పైడమ్మ ఉంది, సంచి పట్టుకుని. కోడల్ని తీసుకురావడానికి తనే వాళ్ల ఊరు వెళ్లిందట. తిరిగి వస్తూ రాజాంలో దిగారు. ఇంటికి వెళ్లే ఆటో ఎక్కకుండా గౌరి ముందు ఇక్కడికి రావాలందట.

"ఏటో అడగాలంటందమ్మా, నీ ముందే అడుగుతాదంట," అంది పైడమ్మ కుర్చీ అంచున కూర్చుని. కొంచెం భయంగానే ఉంది ఆమె.

గౌరి నిలబడే ఉంది. "అత్తా, పదిన్నర దాటుంటే ఏటి సేసేదానివి?" అంది.

గొంతు పెంచలేదు. ఏడవలేదు. ఆ ప్రశ్న నాకు కూడా తగిలింది. ఆ పిల్లకి మంచి చేశానని నేను సంబరపడుతున్నాను. కానీ నేను చేసిందేమిటి? ముహూర్తం దాటితే తప్పు ఆ పిల్లదే అవుతుందన్న మాటని ఒప్పుకుని, దాటలేదని రుజువు చేశాను. ఫోనులో పదీ ముప్పై అయిదు అని ఉంటే? పూలజడ మళ్లీ వేయించుకున్నందుకు బిడ్డ పోయినట్టేనా? నేను స్కూటర్ ఎక్కి అంత దూరం వెళ్లి దాన్ని ఖాయం చేసి వచ్చేదాన్నా?

పైడమ్మ ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటుందనుకున్నాను. దాటినా నువ్వు నా కోడలివే అని అనేస్తే సరిపోయేది. ఎవరైనా అదే అంటారు.

"దాటుంటే నిన్ను తెచ్చుకునేదాన్ని కాదే," అంది. "అబద్దం ఆడను. అప్పుడు నా బుద్ది అలగుంది. ఎవుల్ని తిట్టాలో తెలీక నిన్ను తిట్టేను. ఇప్పుడు సెప్తన్నాను, ఇను. దాటినా, దాటకపోయినా, ఆ బిడ్డ నీ వల్ల పోనేదు. నాకూ బిడ్డే కదే అది."

గౌరి అప్పుడు ఏడ్చింది. నిలబడే ఏడ్చింది. పైడమ్మ లేచి దగ్గరికి వెళ్లబోయి, ముట్టుకోవచ్చో లేదో తెలియక ఆగింది. గౌరే కొంచెం పక్కకి జరిగి ఆమె భుజానికి తల ఆనించింది. నేను లేచి లోపలికి వెళ్లి టీ పెట్టాను. ఆ టీలో పంచదార వేయడం మర్చిపోయాను, ఎవరూ ఏమీ అనలేదు.

వెళ్లేముందు గౌరి ఆ ఫోటో ప్రింటు కావాలంది. ఆల్బమ్‌లో జీలకర్ర బెల్లం పేజీలో మా ఆయన తీసిన పెద్ద ఫోటో ఉంది. దాని ఎదురు పేజీలో ఇది పెట్టమంది. పైడమ్మ ఫోను నుంచి కేబుల్ పెట్టి ఫైలు దింపుకున్నాను. అలవాటు కొద్దీ ముందు ఒరిగిన ఫోటోని నిలబెట్టాను, తర్వాత మూలన ఉన్న వేలుని కత్తిరించబోయాను.

"ఆ ఏలు తియ్యకక్కా," అంది గౌరి.

"మసగ్గా ఉందే, అందం చెడిపోతుంది," అన్నాను.

"ఉండనీ. అది మా అత్త ఏలు."

పైడమ్మ సిగ్గుపడి ఆ వేలుని చీర కొంగులో దాచుకుంది. ప్రింటులో అది అలాగే ఉంది, ఫోటో మూలన ఎర్రగా.

ఆ రోజు నుంచి మా స్టూడియోలో ఒక పద్ధతి పెట్టాను. ప్రతి పెళ్లికీ బయలుదేరే ముందు కెమెరా గడియారాన్ని నా ఫోను చూసి నేనే సరిచేస్తాను. మా ఆయన వాచీ మాత్రం ఇప్పటికీ ముందుకే తిరుగుతోంది, దాని జోలికి నేను వెళ్లను. ఇంకో పద్ధతి కూడా పెట్టాను, ఇది మా ఆయనకి అంతగా నచ్చదు. ఈ మధ్య ఫోటోల వెనక వివరాల గురించి అందరికీ తెలిసిపోయింది. ఫలానా ఫోటో ఎప్పుడు తీశారో, ఎక్కడ తీశారో చూసి చెప్పమని మొగుళ్లు వస్తారు, అన్నదమ్ములు వస్తారు, పెళ్లి సంబంధం చూస్తున్నవాళ్లు వస్తారు. చూడటం నాకు చిటికెలో పని. కానీ ఫైలు తెరిచే ముందు గౌరి అడిగిన ప్రశ్నే అడుగుతాను. ఇందులో ఉన్నది ఆ మనిషికి వ్యతిరేకంగా ఉంటే, ఆ మనిషిని ఏం చేస్తారు? చాలామంది నా వైపు వింతగా చూస్తారు. కొందరు లేచి వెళ్లిపోతారు. వెళ్లనిస్తాను.